పాత బ్యాచ్‌ల పత్రిక, కొత్త బ్యాచ్ ఉద్యోగం

పూర్వ విద్యార్థుల పత్రిక అంటే మన కాలేజీల్లో ఎలా ఉంటుందో తెరవకుండానే చెప్పొచ్చు. మొదటి ఆరు పేజీలు శుభాకాంక్షల సందేశాలు, ఒక్కో సందేశం పక్కన పాస్‌పోర్ట్ సైజు ఫొటో. ఆ వెనక శాలువాలు, జ్యోతి ప్రజ్వలన, గ్రూప్ ఫొటో. మధ్యలో అమ్మ మీద రెండు కవితలు. చివర ఫోన్ నంబర్ల జాబితా, అందులో సగం మోగవు. ఆవిష్కరణ రోజున ఎవరి ఫొటో ఉన్న పేజీ వాళ్ళు చూసుకుంటారు, సాయంత్రానికి కాపీలు కుర్చీల మీదే ఉండిపోతాయి. ఇంజినీరింగ్ కాలేజీ అయితే పోనీలే అనుకోవచ్చు. బొమ్మ వేయడం, అక్షరం దిద్దడం, పేజీ కూర్చడం నేర్పే కాలేజీ నుంచి కూడా అదే పుస్తకం వస్తే, ఆ కాలేజీ తన చదువు మీద తానే రాసుకున్న చెడ్డ సర్టిఫికెట్ అది.

ఈసారి ఆ పని మీ నెత్తిన పడిందనుకుందాం. మీరు అప్లైడ్ ఆర్ట్ మూడో ఏడాదో నాలుగో ఏడాదో చదువుతున్నారు. హెచ్‌ఓడీ పిలిచి, పెయింటింగ్, శిల్పం, ఫొటోగ్రఫీ, యానిమేషన్ వాళ్ళను కూడా కలుపుకుని పూర్వ విద్యార్థుల పత్రిక తీసుకురమ్మన్నారు. మార్కుల్లేని చాకిరీ అని చాలామంది మొహం ముడుచుకుంటారు. నా లెక్కలో మాత్రం డిగ్రీ చేతికి రాకముందే దొరికే మొదటి ఉద్యోగం ఇదే. క్లాసులో ఇచ్చే అసైన్‌మెంట్‌లో క్లయింట్ ఉత్తుత్తివాడు. సబ్బు కంపెనీ ఉండదు, సబ్బూ ఉండదు. ఇక్కడ మీ పేజీలో కనిపించే మనిషి, ఆ పేజీని చదివే మనిషి, రేపు ఇంటర్వ్యూలో బల్లకు అవతల కూర్చునే మనిషి ముగ్గురూ ఒక్కరే కావచ్చు. ఇంకే అసైన్‌మెంట్‌లోనూ ఇది కుదరదు. కాబట్టి దీన్ని ఉద్యోగంలాగే నడపాలి. జీతం సంగతి అటుంచండి.

కళాశాల పత్రిక ఎంత దూరం వెళ్ళగలదో తెలియాలంటే లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్ నుంచి వచ్చిన 'ఆర్క్' చరిత్ర చదవండి. 1950లో మొదలై 1978 దాకా 54 సంచికలు వచ్చాయి. నడిపింది విద్యార్థులే. సంపాదకులు, ఆర్ట్ ఎడిటర్లు తరచూ మారేవారు, వాళ్ళతోపాటు పత్రిక మొహమూ మారేది. తర్వాత పెంటాగ్రామ్ డిజైన్ సంస్థను స్థాపించినవారిలో ఒకరైన ఆలన్ ఫ్లెచర్ విద్యార్థిగా ఆ పత్రికకు పనిచేసినవాడే. మన దేశంలో బరోడా నుంచి గులాం మొహమ్మద్ షేక్, భూపేన్ ఖఖ్ఖర్ 1969 నుంచి 1973 వరకు 'వృశ్చిక్' నడిపారు. అది విద్యార్థుల పత్రిక కాదు, కళాకారులు సొంతంగా వేసుకున్న చిన్న పత్రిక. లలిత కళా అకాడమీ తీరు మీద వచ్చిన నిరసనకూ అది గొంతు ఇచ్చింది. ఈ రెంటిలోనూ శుభాకాంక్షల సందేశాలు వెతకాల్సిన పని లేదు.

మన దగ్గర సరుకు తక్కువేమీ కాదు. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని ఫైన్ ఆర్ట్స్ కాలేజీనే తీసుకోండి. నిజాం కాలంలో 1940లో మొదలైన ఆ బడి 2008లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో భాగమైంది. లక్ష్మా గౌడ్, తోట వైకుంఠం అక్కడ చదివి బరోడా వెళ్ళినవాళ్ళే. అంత వెనక్కి వెళ్ళే రిజిస్టర్లు ఉన్న కాలేజీలో పత్రికకు ఏం రాయాలో తోచడం లేదంటే, వెతకలేదనే అర్థం.

ఎవరు ఏం తేలుస్తారు

కలిసి చేసే పని చెడేది ప్రతిభ లేక కాదు, ఎవరి మాట చెల్లుతుందో తేలక. పదిహేను మంది వాట్సాప్ గ్రూపులో కవర్ మీద ఓటింగ్ పెడితే, ఎవరికీ నచ్చకపోయినా ఎవరూ కాదనని కవర్ ఒకటి గెలుస్తుంది. అందుకని మొదటి సమావేశంలోనే ఒక కాగితం మీద రాసుకోండి: ఏ వ్యాసం ఉండాలో, ఏది తీసేయాలో ఎడిటర్ మాట చివరిది. పేజీ ఎలా ఉండాలో ఆర్ట్ ఎడిటర్ మాట చివరిది. కాగితం, ప్రెస్, తేదీల విషయంలో ప్రొడక్షన్ చూసేవాళ్ళ మాట చివరిది. డబ్బు లెక్క ఒకరిది, పూర్వ విద్యార్థులతో మాటామంతీ ఒకరిది. అభిప్రాయం అందరూ చెప్పొచ్చు, తేల్చేది మాత్రం ఒక్కరే. స్నేహితులైనంత మాత్రాన ఈ కాగితం అక్కర్లేదనుకోకండి. స్నేహం నిలవాలన్నా ఇది కావాలి.

అదే కాగితంలో అధ్యాపకుల పాత్రనూ తేల్చుకోవాలి. ఏ దశలో వాళ్ళు చూడాలి, ఏది వాళ్ళ సంతకం లేకుండా వెళ్ళకూడదు అన్నది ముందే అడిగి తెలుసుకోండి. సాధారణంగా వ్యాసాల జాబితా ఖరారయ్యాక ఒకసారి, ప్రెస్‌కు వెళ్ళే ముందు పూర్తి ప్రూఫు మీద ఒకసారి చూపిస్తే సరిపోతుంది. మధ్యమధ్యలో స్క్రీన్ మీద సగం పేజీలు చూపించి సలహా అడిగారంటే సలహాలు వస్తూనే ఉంటాయి. పాపం, వాళ్ళనీ ఏమీ అనలేం, అడిగింది మీరే కదా.

ప్రిన్సిపల్ సందేశం ఎలాగూ తప్పదు. తప్పనప్పుడు దాన్నీ ఒక వ్యాసంలా తీసుకోండి. "మీరు చేరిన రోజుల్లో ఈ స్టూడియోలో ఏముండేది సార్, ఇప్పుడేముంది?" అని అడిగి, ఆయన చెప్పింది రాసి చూపించండి. సందేశం రాసిపెట్టే బాధ తప్పినందుకు చాలామంది సంతోషిస్తారు.

అప్లైడ్ ఆర్ట్ వాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. పెయింటింగ్ విభాగాన్ని బొమ్మలు సరఫరా చేసే షాపులా, ఫొటోగ్రఫీ వాళ్ళను మీరు పిలిచినప్పుడు కెమెరాతో వచ్చేవాళ్ళలా చూడకండి. శిల్పం చదివేవాళ్ళకు పాత శిల్పులతో మాట్లాడే పనే ఇవ్వండి. కంచు పోతపోసే పని గురించి వాళ్ళు అడిగే ప్రశ్న మీకు తట్టదు. ప్రింట్‌మేకింగ్ వాళ్ళు ఉంటే ప్రతి కాపీలో ఒక లినోకట్ చేతితో అచ్చువేసి పెట్టొచ్చు. మూడు వందల కాపీలంటే వాళ్ళ భుజాలు నొప్పి పుడతాయి, నిజమే. కానీ ఆ పుస్తకాన్ని కుర్చీ మీద వదిలేసి ఎవరూ వెళ్ళరు.

ఎవరిని వెతకాలి, ఏం అడగాలి

పేరున్న నలుగురైదుగురి దగ్గరకు అందరూ వెళ్తారు, అందరూ అవే ప్రశ్నలు అడుగుతారు. వైకుంఠం గారి దగ్గరకు వెళ్ళి తెలంగాణ స్త్రీల బొమ్మల గురించి అడిగితే ఇప్పటికే అచ్చైన జవాబే వస్తుంది. బి. నర్సింగరావు తీసిన 'దాసి' సినిమాకు కళా దర్శకత్వం చేసి ఆయన జాతీయ పురస్కారం అందుకున్నారు. ఆ సినిమాలోని దొర గడీ లోపలి సామాను ఎక్కడ దొరికింది, ఒక చిత్రకారుడు గదిని ఎలా అమర్చుతాడు, కాన్వాస్ మీద చేసే రంగు నిర్ణయం సెట్ మీద ఎందుకు చెల్లదు అని అడిగి చూడండి. సినిమాల్లో ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో చేరాలనుకునే పిల్లలకు పనికొచ్చే వ్యాసం అవుతుంది.

పేరు లేనివాళ్ళ దగ్గర ఇంతకన్నా ఎక్కువ దొరుకుతుంది. జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి రిటైరైనాయన. సినిమా బ్యానర్లు రాసి, ఫ్లెక్స్ వచ్చాక ఆ బ్రష్ పక్కన పెట్టినాయన. దినపత్రికలో రాత్రి షిఫ్టుల్లో పేజీలు పెట్టినావిడ. పెళ్ళయ్యాక బొమ్మ వేయడం ఆపేసి, పిల్లలు పెద్దయ్యాక ఇంట్లో క్లాసులు మొదలుపెట్టినావిడ. వీళ్ళ పేర్లు సన్మాన సభల్లో వినపడవు, కాలేజీ అడ్మిషన్ రిజిస్టర్‌లో ఉంటాయి. రిజిస్టర్ తీయించండి, పాత గ్రూప్ ఫొటోలు తెప్పించండి, ప్రతి బ్యాచ్‌కూ ఒక వాట్సాప్ గ్రూపు ఉంటుంది కాబట్టి అందులో ఒక్క మనిషిని పట్టుకోండి. ఆ ఒక్కరు పదిమందిని చూపిస్తారు.

అడగాల్సింది జీవిత చరిత్ర కాదు, పని. ఏ ఊరిలో పుట్టారు, ఎన్ని అవార్డులు వచ్చాయి అన్నవి బాక్సులో నాలుగు లైన్లు. వ్యాసం దీని గురించి ఉండాలి: మొదటి పని ఎలా దొరికింది, ఎంత ఇచ్చారు, డబ్బు ఎగ్గొట్టిన క్లయింట్‌తో ఏం చేశారు, ఏ పనిముట్టు పోయింది, ఏది వచ్చింది. పాత బ్యాచ్ వాళ్ళు రోట్రింగ్ పెన్ను, లెట్రాసెట్, బ్రోమైడ్ ప్రింటు, రబ్బర్ సొల్యూషన్‌తో పేస్టప్ చేసినవాళ్ళు. ఆ తర్వాతివాళ్ళు పేజ్‌మేకర్, కోరల్‌డ్రా మీద పెరిగారు. ఇప్పుడు ఫిగ్మా, దాని పక్కనే అడిగితే బొమ్మ వేసిచ్చే ఏఐ. పనిముట్టు మారినప్పుడల్లా ఎవరి ఉద్యోగం పోయింది, ఎవరు నిలబడ్డారు, ఎలా నిలబడ్డారు అన్న ప్రశ్నకు మీ కాలేజీ రిజిస్టర్‌లోనే జవాబులున్నాయి. ఏఐ గురించి ఈ ఏడాది మీరు విన్న సెమినార్లన్నిటికన్నా ఫ్లెక్స్ మిషన్ వచ్చిన ఏడాది ఏం జరిగిందో చెప్పే బ్యానర్ ఆర్టిస్టు మాట మీకు ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం. తెలుగు సినిమా పబ్లిసిటీ గురించి డిజైనర్ ఈశ్వర్ 'సినిమా పోస్టర్' పుస్తకం రాశారు గనుక ఆ పని సంగతులు కొన్నైనా అచ్చులో మిగిలాయి. చాలా పనులకు ఆ అదృష్టం లేదు.

ఫోన్ చేసే ముందు మెసేజ్ పెట్టండి. మీకు నాలుగైదేళ్ళ ముందు చదివినవాళ్ళయితే అన్నా, అక్కా అనొచ్చు. ఇరవై ఏళ్ళ ముందువాళ్ళను సార్, మేడమ్ అనండి, వాళ్ళే అన్నా అనమంటే అప్పుడు మార్చుకోండి. మెసేజ్ ఇలా ఉంటే చాలు:

"నమస్తే సార్. నేను అప్లైడ్ ఆర్ట్ మూడో సంవత్సరం విద్యార్థిని. మా కాలేజీ పూర్వ విద్యార్థుల పత్రికకు బ్యానర్ పెయింటింగ్ గురించి ఒక వ్యాసం చేస్తున్నాం. మీతో ఒక అరగంట మాట్లాడాలి. రాసింది అచ్చుకు ముందు మీకు పంపిస్తాం. ఈ వారం మీకు ఎప్పుడు వీలవుతుందో చెప్తారా?"

ఇందులో మీరెవరు, ఏం కావాలి, ఎంతసేపు, తర్వాత ఏం జరుగుతుంది అన్న నాలుగూ ఉన్నాయి. "మీ అమూల్యమైన సమయాన్ని" లాంటి మాటలు లేకపోయినా మర్యాద తగ్గలేదు. ఇంకో సంగతి: ఇదే కాల్‌లో ఉద్యోగం అడగకండి, మీ పోర్ట్‌ఫోలియో లింకు పంపకండి. మీరు వేళకు ఫోన్ చేశారా, చెప్పింది చెప్పినట్టు రాశారా, మాట ఇచ్చినట్టు ప్రూఫు పంపారా అన్నది ఆయన గమనిస్తూనే ఉంటాడు. రేపు వాళ్ళ ఆఫీసులో ఖాళీ వస్తే గుర్తుకొచ్చేది అదే.

ప్రూఫు పంపినప్పుడు ఏం చూడాలో కూడా చెప్పండి: పేర్లు, ఏళ్ళు, మీరు అన్నారని మేం రాసిన మాటలు. అలా చెప్పకపోతే కొందరు వ్యాసం మొత్తం గ్రాంథికంలోకి తిరగరాసి పంపిస్తారు.

ఎవరి బొమ్మ, ఎవరి హక్కు

ఇక్కడ చాలామంది జారిపడతారు. పెయింటింగ్ కొనుక్కున్నవాళ్ళకు ఆ పెయింటింగ్ సొంతం, దాన్ని అచ్చువేసే హక్కు మాత్రం ఉత్తినే వాళ్ళకు పోదు. రాతపూర్వకంగా రాసిస్తే తప్ప మామూలుగా అది చిత్రకారుడి దగ్గరే ఉంటుంది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం కళాకారుడు పోయాక కూడా 60 ఏళ్ళు ఆ హక్కు నడుస్తుంది, అంటే వారసులను అడగాలి. ఉద్యోగంలో భాగంగా చేసిన పని వేరు. యాడ్ ఏజెన్సీలో చేసిన క్యాంపెయిన్‌కు వేరే ఒప్పందం లేకపోతే హక్కు యజమానిది. కాబట్టి సీనియర్ "వేసుకో తమ్ముడూ, నేనే చేశా" అన్నంత మాత్రాన వేసేయకూడదు. డబ్బు తీసుకుని ఒకరి కోసం వేసిన పోర్ట్రెయిట్లకు, తీసిన ఫొటోలకు కూడా మినహాయింపులున్నాయి, అవి ఉంటే విడిగా అడిగి తెలుసుకోండి. పెయింటింగ్ ఫొటో వేరొకరు తీస్తే ఆ ఫొటోగ్రాఫర్‌నూ అడగాలి. అనుమతి వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో రాతలో తీసుకుని, ఆ స్క్రీన్‌షాట్‌ను వ్యాసం ఫోల్డర్‌లోనే పడేయండి. ప్రింటుకూ, పీడీఎఫ్‌కూ, తర్వాత సంచికల్లో వాడుకోవడానికీ కలిపి ఒకేసారి అడిగితే మళ్ళీ మళ్ళీ బతిమాలాల్సిన పనుండదు.

ఫోన్ నంబర్ల జాబితా వేయకండి. ఎవరి నంబరైనా, చిరునామా అయినా వాళ్ళు సరేనంటేనే. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం కూడా వచ్చింది. చట్టం లేకపోయినా, ఒకావిడ నంబరు ఐదు వందల పుస్తకాల్లో అచ్చేయడం మర్యాద కాదు.

తెలుగు పేజీ

డిజైన్ విద్యార్థులు ఎక్కువగా తప్పించుకునేది దీన్నే, నేను ఎక్కువసేపు ఆగేదీ దీని దగ్గరే. మన కాలేజీల్లో టైపోగ్రఫీ పాఠం రోమన్ అక్షరాల చుట్టూ తిరుగుతుంది. తెలుగు పత్రిక చేయమనేసరికి ఇంగ్లిష్ గ్రిడ్‌లో తెలుగు పోస్తారు. పై లైనులోని వత్తు కింది లైనులోని గుడి మీద కూర్చుంటుంది.

తెలుగు అక్షరానికి పైన తలకట్టు, గుడి, ఏత్వం, కింద వత్తులు. అందుకే లైన్ల మధ్య ఎడం ఇంగ్లిష్ కన్నా ఎక్కువ కావాలి. ఎంత అన్నది ఫాంటును బట్టి ఉంటుంది కాబట్టి 'స్త్రీ', 'లక్ష్మి', 'రాష్ట్రం', 'వైశిష్ట్యం' లాంటి మాటలున్న పేరాను రెండు మూడు సైజుల్లో కూర్చి, ప్రింటు తీసి, చేతిలో పట్టుకుని చదవండి. స్క్రీన్ మీద చూసి తేల్చకండి. తెలుగులో మాటలు పొడుగు గనుక ఇరుకు కాలమ్‌లో రెండు పక్కలా సమానంగా సర్దితే మధ్యలో తెల్లటి గుంటలు పడతాయి. కాలమ్ వెడల్పు చేయండి, లేదా కుడి పక్క వదిలేయండి. వార్తాపత్రిక అలవాటు కొద్దీ మూడు కాలమ్‌లు పెట్టాలనేం లేదు.

ఇన్‌డిజైన్‌లో తెలుగు యూనికోడ్ సరిగ్గా అతకాలంటే వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోవాలి. అది మరిచిపోతే వత్తులు విడిపోయి పక్కన పడతాయి, హలంతాలు మొలుస్తాయి. పాత బ్యాచ్ వాళ్ళు కొందరు యూనికోడ్ కాని 'అను' ఫాంట్లలో టైపు చేయించి పంపుతారు, కొత్తవాళ్ళు ఫోన్‌లో యూనికోడ్‌లో టైపు చేసి వాట్సాప్‌లో పంపుతారు. మొదట్లోనే అంతా యూనికోడ్‌లోకి మార్చుకోండి. మార్చే సాఫ్ట్‌వేర్ కొన్ని అక్షరాలు మింగుతుంది కాబట్టి మార్చాక అసలు ప్రతితో పక్కపక్కన పెట్టి ఒకరు చదవాలి. మీ బృందంలో తెలుగు మీడియంలో చదివిన పిల్లవాడో పిల్లో ఎవరో ఒకరుంటారు. వాళ్ళను ప్రూఫ్ రీడర్‌గా పెట్టండి, ఆ పనికి పుస్తకంలో పేరు వేయండి. యూనికోడ్‌లో ఉంటే పీడీఎఫ్ కాకుండా విడి వ్యాసాలుగా కూడా ఇవ్వొచ్చు, పదేళ్ళ తర్వాత ఎవరైనా పేరు కొట్టి వెతికితే దొరుకుతుంది.

ఫాంట్లకు డబ్బు లేదనకండి. సిలికానాంధ్ర విడుదల చేయించిన మండలి, రామభద్ర, సూరన్న, మల్లన్న, గిడుగు లాంటివి ఉచితంగా, స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతాయి. రామభద్ర లావుగా శీర్షికలకు బాగుంటుంది, వ్యాసం మొత్తానికి పెడితే కళ్ళు లాగుతాయి. అయితే మీ కాలేజీలో అక్షరాలు రాయగలిగిన చెయ్యి ఉంటే శీర్షికలు చేతితోనే రాయించండి. బాపు రాతను ఫాంటుగా దింపుకుని వాడుతున్న రాష్ట్రాలు మనవి. సొంత చేతిరాతతో పేజీ తేవడానికి ఆర్ట్ కాలేజీ కన్నా మంచి చోటు ఏముంటుంది?

ప్రెస్సుకు ముందే వెళ్ళండి

డిజైన్ అయిపోయాక ప్రెస్ వెతకడం తలకిందుల పని. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒక ఆఫ్‌సెట్ ప్రెస్‌కు మొదటి వారంలోనే వెళ్ళి, వాళ్ళ మిషన్ ఏ సైజు షీటు తీసుకుంటుందో, ఏ పుస్తకం సైజులో కాగితం వృథా కాదో అడగండి. అర అంగుళం తగ్గించుకుంటే కాగితం ఖర్చు చెప్పుకోదగ్గంత తగ్గవచ్చు.

పేజీలు పదహారు చొప్పున ఫారాలుగా అచ్చవుతాయి. 48 పేజీల పుస్తకం అంటే మూడు ఫారాలు, కవర్ విడి. అన్నీ మల్టీకలర్ చేయించలేకపోతే ఒక్క ఫారం ఆర్ట్ పేపర్ మీద రంగుల్లో, మిగతా రెండూ మ్యాప్‌లిథో మీద సింగిల్ కలర్‌లో వేయొచ్చు. సెంటర్ పిన్నింగ్ పుస్తకం అయితే ఫారాలు ఒకదాంట్లో ఒకటి దూరుతాయి. అప్పుడు మధ్య ఫారంలో 17 నుంచి 32 దాకా పేజీలు వరసగా వస్తాయి, పై ఫారంలో మాత్రం 1 నుంచి 8, 41 నుంచి 48 వస్తాయి. అందుకే రంగు బొమ్మలన్నీ 17–32 మధ్యకు చేర్చండి. ఇది ముందే తెలిస్తే వ్యాసాల వరసే దాని ప్రకారం వేసుకుంటారు. ఆఖర్లో తెలిస్తే వైకుంఠం గారి ఎరుపు బూడిద రంగులో వస్తుంది.

రెండు మూడు వందల కాపీలకైతే డిజిటల్ ప్రింటు చవకా, ఆఫ్‌సెట్ చవకా అన్నది రెండూ అడిగి చూడాలి. ఆఫ్‌సెట్‌లో ప్లేట్ల ఖర్చు వంద కాపీలకైనా వెయ్యికైనా ఒకటే. కొటేషన్లు మూడు తీసుకోండి. మూడింట్లోనూ సైజు, పేజీలు, కాగితం జీఎస్ఎం, రంగులు, కవర్ లామినేషన్, బైండింగ్ ఒకేలా రాసివ్వండి, లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు. తెల్ల కాగితంతో డమ్మీ కట్టించుకోండి. ఏ4 సైజులో 48 పేజీలు 100 జీఎస్ఎం, కవర్ 250 జీఎస్ఎం అయితే పుస్తకం దాదాపు 180 గ్రాములు తూగుతుంది. ఆ డమ్మీని కవర్లో పెట్టి పోస్టాఫీసులో తూకం వేయించి, అమెరికాలో ఉన్న బ్యాచ్‌కు పంపాలంటే ఎంతవుతుందో అడగండి. పత్రిక అచ్చు వేయడానికి డబ్బు దాచి, పంపడానికి దాచని కాలేజీలు బోలెడు.

పెయింటింగ్‌ను ఫోన్‌లో ట్యూబ్‌లైట్ కింద తీసి వేయకండి. ఫొటోగ్రఫీ విభాగం ఉన్నది ఇందుకే. రెండు పక్కల నుంచి సమానమైన వెలుగు, పక్కన గ్రే కార్డు ఉండాలి, గాజు ఫ్రేమ్ తీయించాలి. కలర్ ప్రూఫును అసలు బొమ్మ పక్కన పెట్టి చూడాలి, వీలైతే చిత్రకారుడికే చూపించాలి. నల్ల అక్షరాలు ఒక్క నలుపు ప్లేటు మీదే ఉండాలి, నాలుగు రంగులు కలిసిన నలుపు అయితే చిన్న తెలుగు వత్తులు మసకబారతాయి.

డబ్బు సంగతి క్లుప్తంగా: పూర్వ విద్యార్థుల సంఘం ఖాతాలోకే రావాలి, ఏ విద్యార్థి యూపీఐకీ రాకూడదు. ప్రకటనలు తీసుకోండి, వ్యాసం పేజీలు అమ్మకండి. ప్రిన్సిపల్ దగ్గర నిధులు అడిగేటప్పుడు నాక్ ఐదో ప్రమాణంలో పూర్వ విద్యార్థుల భాగస్వామ్యం అనే అంశం ఉందని, ఈ పత్రిక దానికి చూపించదగ్గ రుజువని చెప్పండి. సృజనాత్మకత గురించి మీరు చెప్పే మాటల కన్నా అది త్వరగా పనిచేస్తుంది. వార్తలు, వాటిపై వ్యాఖ్యలు వేసే పత్రికలకు 2023 నాటి కొత్త ప్రెస్ రిజిస్ట్రేషన్ చట్టం వర్తిస్తుంది కాబట్టి మీది ఏ కోవలోకి వస్తుందో కాలేజీ ఆఫీసులో అడిగే మొదలుపెట్టండి.

ఇంటర్వ్యూలో ఈ పత్రిక

పోర్ట్‌ఫోలియోలో కవర్ ఫొటో పెట్టి "పూర్వ విద్యార్థుల పత్రిక, డిజైన్: నేను" అని రాస్తే రెండు నష్టాలు. ఒకటి, అది అబద్ధం, మిగతా పదిమంది కూడా అలాగే రాసి ఉంటారు. హైదరాబాద్‌లో యాడ్ ఏజెన్సీలు, యానిమేషన్, గేమింగ్ స్టూడియోలు ఎన్ని ఉన్నా పనిచేసేవాళ్ళు ఒకరికొకరు తెలిసినవాళ్ళే. రెండోది, మీరు ఏం చేయగలరో అవతలివాళ్ళకు తెలియదు. "17–32 పేజీల లేఅవుట్, తెలుగు టైప్ సెట్టింగ్, ప్రెస్‌లో కలర్ చెకింగ్" అని రాయండి. పుస్తకం చివర ముద్రణ వివరాల పేజీలో కూడా ప్రతి ఒక్కరి పేరు పక్కన ఇదే రకంగా పని పేరు ఉండాలి. "సహకారం" అన్న ఒక్క మాట కింద ఇరవై పేర్లు పోసేయకండి.

తిరగ్గొట్టిన కవర్లు పారేయకండి. మొదటి గ్రిడ్, వత్తులు కొట్టుకున్న ప్రూఫు, దాన్ని సరిదిద్దిన తర్వాతి ప్రూఫు, ప్రెస్ కొటేషన్, ఖర్చు తగ్గించడానికి ఒక ఫారాన్ని సింగిల్ కలర్ చేసిన నిర్ణయం, ఇవన్నీ దాచండి. ఇంటర్వ్యూ చేసేవాళ్ళు అందమైన పేజీలు రోజూ చూస్తారు. బడ్జెట్ సగమైనప్పుడు ఏం తీసేశారు, ఎందుకు తీసేశారు, సీనియర్‌కు కాదని ఎలా చెప్పారు అన్న ప్రశ్నలకు జవాబు చెప్పగలిగే ఫ్రెషర్లు అరుదు. అలాగని బృందంలో ఎవరు సరిగ్గా పనిచేయలేదో అక్కడ చెప్పకండి. మీరు రేపు ఆ ఆఫీసు గురించీ అలాగే చెబుతారని వాళ్ళు అనుకుంటారు.

పూర్వ విద్యార్థులుగా ఈ పత్రికకు పిలుపు అందుకునే ఉద్యోగస్తులకూ రెండు మాటలు. పిల్లలు ఫోన్ చేస్తే శుభాకాంక్షలు పంపి ఊరుకోకండి. మీ మొదటి జీతం చెప్పండి, మీ రేట్లు ఎలా లెక్క వేస్తారో చెప్పండి. డబ్బు పంపే స్థోమత లేకపోతే ఒక శనివారం ప్రూఫులు చదివిపెట్టండి. లేఅవుట్ నచ్చకపోతే నచ్చలేదని ఎడిటర్‌కు చెప్పండి, ప్రిన్సిపల్‌కు కాదు.

తేదీలు వెనక నుంచి లెక్క వేసుకోండి. పూర్వ విద్యార్థుల సమావేశం తేదీ తెలిస్తే, దానికి రెండు వారాల ముందు పుస్తకాలు చేతికి రావాలి, దానికి మూడు వారాల ముందు ఫైలు ప్రెస్‌కు వెళ్ళాలి. ఇంటర్నల్స్, జ్యూరీ ఉన్న వారాలు ముందే కొట్టేయండి. వ్యాసం ఇస్తానన్న పెద్దవాళ్ళకు అసలు గడువుకు పది రోజుల ముందు తేదీ చెప్పడం మోసమేమీ కాదు.

మొదటి సంచిక ప్రెస్‌కు వెళ్ళేలోపే రెండో సంచిక ఎడిటర్‌ను ఎంచుకోండి, రెండో ఏడాది చదివేవాళ్ళలోంచి. ఆమెనో అతన్నో ప్రెస్‌కు వెంటబెట్టుకుని వెళ్ళండి, ప్లేటు ఎక్కేటప్పుడు పక్కన నిలబెట్టండి. ఫాంట్లు, ఓపెన్ ఫైళ్ళు, అనుమతుల స్క్రీన్‌షాట్లు, ప్రెస్ వాళ్ళ కొటేషన్లు, ఎవరికి ఎప్పుడు ఫోన్ చేస్తే ఎత్తుతారన్న జాబితా, అన్నీ ఒకే డ్రైవ్‌లో పెట్టి పాస్‌వర్డ్‌తో సహా అప్పజెప్పండి. మీ గ్రిడ్, మీ మాస్ట్‌హెడ్ మాత్రం వాళ్ళు మార్చాలనుకుంటే మార్చనివ్వండి, ఆర్క్‌లో అలాగే జరిగింది. పుస్తకం అందాక వచ్చే ఫిర్యాదులు, పేర్లలో దొర్లిన తప్పులు కూడా ఆ డ్రైవ్‌లోనే ఒక ఫైల్లో రాసిపెడితే, రెండో సంచికలో సవరణల పేజీ సిద్ధంగా ఉన్నట్టే.